క్లాంపు కింద కొలత

మా బావకి కోపం వస్తే ముందు కళ్లజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. అది చూడగానే అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంది, కూతురు చెవుల్లో పాటల తీగలు దూర్చుకుంటుంది, నేను చెప్పుల కోసం వెతుక్కుంటాను. "కూర్చోరా, నీ మీద కాదు," అంటాడు. మరి ఎవరి మీద అని అడిగితే చెప్పడానికి గంట పడుతుంది. అలాంటి గంటలు నేను చాలా విన్నాను. నేను చదివింది తక్కువ, నడిపేది సరుకుల వ్యాను. అయినా సెలవు రోజుల్లో ఆయన పాత కవర్ల వెనక గీసి చూపించిన బొమ్మల పుణ్యమా అని, ఒక పైపు ఎందుకు పగులుతుందో ఇవాళ నేనూ చెప్పగలను.

ఆయన రిఫైనరీలో తనిఖీ ఇంజనీరు. పైపు లోపల ఏం జరుగుతోందో బయట నిలబడి చెప్పడం ఆయన పని. అరచేతిలో పట్టే గేజి, దానికో తీగ, తీగ చివర బొత్తాం లాంటి ముక్క. పైపు మీద కాస్త జిగురు రాసి ఆ బొత్తాన్ని ఆనిస్తే ఇనుము మందం ఎంతుందో అంకె పడుతుంది. ముడినూనెలో గంధకం ఉంటుందట. కొలిమిలో కాగాక అది ఇనుమును తినడం మొదలుపెడుతుంది. చప్పుడుండదు, వాసన రాదు, పైన వేసిన రంగు కూడా చెదరదు. "చెదలు తలుపుని తిన్నట్టేరా. తోస్తే గానీ తెలీదు," అనేవాడు. ఏడు మిల్లీమీటర్ల పైపు ఆరవుతుంది, ఐదవుతుంది. మూడు కన్నా తగ్గిందంటే మార్చెయ్యాలి. మార్చకపోతే నిప్పులా కాగిన నూనె ఒక్కసారిగా బయటికొస్తుంది. గాలి తగలగానే దానంతటదే అంటుకుంటుంది.

ఆయన లోహాల చదువు చదివింది ఇష్టపడి కాదు. మార్కులకి అదే దొరికింది. మొదట మన దగ్గరే ఒక బాయిలరు షెడ్డులో మూడేళ్లు మసి పూసుకున్నాడు. తర్వాత ఈ కంపెనీ పిలిచింది. దేశం కాని దేశం, భాష కాని భాష. వచ్చిన మూడో రోజే ఆయన చేతిలో గేజి పెట్టి పరంజా ఎక్కించారట. ఈ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి కాగితం మీద ఆయన పేరు కింద కంపెనీ పేరుంటుంది. ఉద్యోగం పోతే రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేసి, పిల్ల చేత బడి మాన్పించి, విమానం ఎక్కాలి. ఇరవై రెండేళ్లున్నా అంతే, ఇరవై రెండు రోజులున్నా అంతే.

ఆ ఇరవై రెండేళ్లలో ఆయన దగ్గర గేజి పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు ముగ్గురు ఆయనకే పై అధికారులయ్యారు. ఆయన వేసిన గీతల పటాలు చూపించి వాళ్లు పెద్ద సభల్లో చప్పట్లు కొట్టించుకున్నారు. వెనక వరుసలో కూర్చుని ఆయనా కొట్టాడు. ఆయన పేరు పలకడం ఎవరికీ చేతకాక మిల్లీమీటరు అని పిలవడం మొదలుపెట్టారు. మన ఊళ్ల వైపు నించి వచ్చిన పైపుల మేస్త్రి మాత్రం మర్యాదకి 'మిల్లీమీటరు సారు' అనేవాడు. తోకన్నా తగిలించాడు కదా అని బావ సరిపెట్టుకున్నాడు.

ఎనిమిదేళ్ల కిందట ఒక పైపుకి సూదిమొనంత చిల్లు పడింది. కాగే నూనెను పంపుకి తీసుకెళ్లే పైపు అది. మార్చాలంటే ఆ యూనిట్ మొత్తం ఆపాలి. ఆపడం పెద్ద మేనేజరుకి ఇష్టం లేదు. ఎప్పుడూ పళ్లు కనపడేలా ఉంటాడని బావ ఆయనకి నవ్వులాయన అని పేరు పెట్టాడు. చిల్లు చుట్టూ ఇనప డబ్బా లాంటి క్లాంపు బిగించి, సందుల్లో లప్పం ఎక్కించారు. తాత్కాలికం, తొమ్మిది నెలలే అని కాగితం రాసుకున్నారు. తొమ్మిది నెలలకి, మరమ్మతుల కోసం యూనిట్లు ఆపే షట్‌డౌన్ వచ్చింది, వెళ్లింది. చేయాల్సిన పనుల జాబితాలో పైపు లేదు. గడువు పొడిగించాలంటే తనిఖీ ఇంజనీరు సంతకం కావాలి. ఆ కాగితంలో ఒక గడి ఉంది: క్లాంపు కింద పైపు మందం ఎంత?

క్లాంపు తియ్యకుండా దాని కింద కొలవడం కుదరదు. మొదటి ఏడాది బావ ఆ మాటే చెప్పాడు. "పక్కన కొలిచి రాసెయ్, నీ అనుమతి కాగితాలు కూడా నా బల్ల మీదే ఉన్నాయి, ఈ వారం సంతకం పెట్టాలి," అన్నాడు నవ్వులాయన. బావ పక్కన కొలిచాడు. నాలుగు పాయింట్ రెండు వచ్చింది. రాశాడు. రెండో ఏడు పరంజా కట్టడానికి మనుషులు లేరన్నారు. పాత కాగితం చూసి నాలుగు పాయింట్ రెండు అని రాశాడు. మూడో ఏడు ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే రాశాడు. అలా ఏడు కాగితాలు, ఏడు సంతకాలు.

ఈ సంగతి నాకు మొన్నటిదాకా తెలీదు. అన్ని గంటల కోపంలోనూ ఈ ఒక్క ముక్క ఆయన నోటివెంట రాలేదు.

నిరుడు వాళ్ల సెక్షన్‌లోకి కొత్తగా ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మన పిల్లే. ముప్ఫై దాటాయి, రెండేళ్ల కొడుకుంది, వేరే రిఫైనరీలో పనిచేసి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే పాత ఫైలు పట్టుకుని బావ బల్ల దగ్గర నిలబడింది.

"సార్, ఒక చిన్న డౌటు."

"చిన్నదైతే నువ్వే తీర్చుకో."

"ఈ లైను మొత్తం ఏడాదికి పావు మిల్లీమీటరు చొప్పున అరుగుతోంది. ఈ క్లాంపు దగ్గర మాత్రం ఏడేళ్లుగా నాలుగు పాయింట్ రెండే. ఇక్కడి ఇనుముకి వయసు రాదా సార్?"

బావ కళ్లజోడు తీశాడు. "వచ్చి ఆరు నెలలు కాలేదు, నా ఫైళ్లు తవ్వుతున్నావా? ఎవరు తవ్వమన్నారు? నేను గేజి పట్టుకున్నప్పుడు నువ్వు పలక పట్టుకుని ఉంటావు!" అని సెక్షన్ అంతా తలెత్తేలా అరిచాడు.

ఆమె ఫైలు ముయ్యలేదు. "తిట్టండి సార్, పర్లేదు. మా ఇంట్లో ఇంతకన్నా గట్టిగా తిట్టేవాళ్లున్నారు. తిట్టి, తర్వాత చెప్పండి," అంది.

ఆ మధ్యాహ్నం బావే పరంజా కట్టించి ఎక్కాడు. కింద పైపుల మేస్త్రీ, అతని ముఠా నలుగురూ పంపు జాలీ విప్పి మడ్డి కడుగుతున్నారు. ఎనిమిదేళ్లుగా వారానికోసారి వాళ్లు చేసే పని అదే. క్లాంపు సరిగ్గా వాళ్ల నెత్తి మీద ఉంటుంది.

"సారూ, మా గొడుగు విప్పేస్తున్నారా ఏంటి? ఎండకి బాగుంది, ఉండనివ్వండి!" అని మేస్త్రి కిందనించి కేకేశాడు. ముఠా నవ్వింది.

బావ పైపు మీద కప్పిన రేకు విప్పి, వేడికి తట్టుకునే బొత్తాంతో క్లాంపు అంచు పొడుగునా కొలిచాడు. రెండు పాయింట్ ఒకటి. జిగురు తుడిచి మళ్లీ రాసి కొలిచాడు. రెండు పాయింట్ ఒకటే. అంచున అంతుంటే, కింద ఎంతుంటుందో ఊహించడానికి ఇంజనీరు కానక్కర్లేదు. దిగి వచ్చి మేస్త్రితో, "మీరు ఈ పంపు దగ్గరకి రాకండి, నేను చెప్పేదాకా," అన్నాడు. ఎందుకని అడిగితే సమాధానం చెప్పకుండా వచ్చేశాడు.

ఎనిమిదో కాగితం ఆ వారమే వచ్చింది. తీసుకుని నేరుగా నవ్వులాయన గదికి వెళ్లి కొత్త కొలత చెప్పాడు.

"నిరుటిదాకా నాలుగు పాయింట్ రెండు, ఇప్పుడు రెండు పాయింట్ ఒకటి," అన్నాడు నవ్వులాయన. "ఒక్క ఏడాదిలో సగం పైపు ఎక్కడికి పోయిందంటావు?"

"ఒక్క ఏడాదిలో పోలేదు. ఏడేళ్లలో పోయింది."

"మరి ఆ ఏడేళ్లూ నువ్వు రాసిందేమిటి?"

బావ చేతిలోని కాగితం వంక చూశాడు.

"వేడి మీద గేజి తప్పు చూపిస్తుందని నువ్వే కదా చెప్పేవాడివి? ఇదీ అలాంటిదే అనుకో. షట్‌డౌన్ నాలుగు నెలల్లో ఉంది. మొదటి పని ఇదే, మాట ఇస్తున్నాను. లేదూ, ఇదే నిజమంటావా, అప్పుడు ముందు రాసినవన్నీ అబద్ధాలని నువ్వే ఒప్పుకున్నట్టు. అబద్ధం రాసిన మనిషిని కంపెనీ ఉంచుకోదు. నీ కూతురు ఆఖరి ఏడాది కదూ? పాపం, పరీక్షలెప్పుడు?"

ఆ 'పాపం' దగ్గర బావకి ఒళ్లు మండిపోయిందట. బల్ల మీదున్న గాజు గ్లాసు విసిరేద్దామనుకుని, చేతిలోకి తీసుకుని ఆగాడట.

విసరని గ్లాసు ఇంటికొచ్చి పేలింది. ఆ రోజు సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు, టీవీ రిమోట్ కనపడలేదన్నాడు, నా వ్యాను గేటుకి అడ్డంగా పెట్టానన్నాడు. అక్క చాలాసేపు ఓర్చుకుంది.

"ఎవరి మీదండీ ఈ కోపం?"

"వాళ్ల మీద!"

"వాళ్ల మీదైతే వాళ్ల దగ్గర అరవండి. ఇక్కడ గిన్నెలకి చెవుల్లేవు."

అప్పుడు చెప్పాడు. ఏడు కాగితాలూ చెప్పాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పి, "నన్ను బెదిరించారని చెప్పుకోవచ్చు. మొదటి ఏడాది బెదిరించారు కూడా. తర్వాత ఎవడూ బెదిరించలేదురా! పరంజా ఎక్కడానికి బద్ధకమేసి నేనే రాసిపడేశాను. కింద మనవాళ్లు కూర్చుని అన్నం తింటుంటే పైన నా అంకె వేలాడుతోంది," అన్నాడు.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిల్ల పరీక్షలు అయిదు నెలల్లో ఉన్నాయి," అంది, ఎవరితోనో అన్నట్టు.

"అదేనే నా బాధ. ఈ ఒక్కసారికి పెట్టేస్తే..."

కూతురు చెవుల్లోంచి తీగలు లాగేసింది. అసలు పాటలేమీ రావడం లేదు అందులో. "నాన్నా, నా పరీక్షల్ని మధ్యలోకి లాగకు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట రాస్తాను. నా పేరు చెప్పి సంతకం పెట్టావంటే మాత్రం నీతో మాట్లాడను."

"చూశావట్రా, దీనికి కోపం ఎవరిదొచ్చిందో," అన్నాడు బావ నాతో. నవ్వబోయాడు గానీ రాలేదు.

మర్నాడు ఎనిమిదో కాగితంలోని గడిలో రెండే వాక్యాలు రాశాడు: 'క్లాంపు అంచున ఇప్పుడున్న మందం రెండు పాయింట్ ఒకటి, వెంటనే ఆపాలి. రెండో ఏడు నుంచి ఈ గడిలో ఉన్న అంకె నేను కొలవలేదు, కాపీ చేశాను.' కింద సంతకం. ఒక నకలు నవ్వులాయనకి, ఇంకొకటి ప్రభుత్వ భద్రతా కార్యాలయానికి. ఆ రెండోది వెళ్లింది కాబట్టే మూడో రోజు పదకొండు గంటలకి యూనిట్ ఆగింది.

పైపు చల్లారాక మేస్త్రే కోశాడు. క్లాంపు విప్పి చూస్తే కింద ఇనుము గోరంత మందం కూడా లేదు. స్క్రూడ్రైవరు ఆనించి నొక్కితే అట్టలోకి దిగినట్టు దిగింది. మేస్త్రి ఆ చిల్లు వంక చూశాడు, తన ముఠా వంక చూశాడు.

"సారూ, ఇది ఇట్లా ఉందని మీకు తెలుసా?"

"ఇంత అని తెలీదు. కొలవలేదని తెలుసు."

మేస్త్రి కట్టరు కింద పెట్టి, ముఠాని తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఎదురుపడినప్పుడల్లా తల తిప్పుకుని పోయాడు. మిల్లీమీటరు అని గానీ, సారు అని గానీ మళ్లీ పిలవలేదు. "తిట్టినా బాగుండేదిరా," అన్నాడు బావ.

రెండు వారాలకి కంపెనీ పత్రికలో నవ్వులాయన ఫోటో వచ్చింది. కోసిన పైపు ముక్కని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ప్రమాదాన్ని ముందే పసిగట్టినందుకు భద్రతా పురస్కారమట. అదే వారం బావకి ఉత్తరం వచ్చింది. రికార్డుల్లో కొలవని అంకెలు రాసినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది, గడువు అరవై రోజులు.

నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను. "చించి వాడి మొహాన కొట్టు బావా!" అన్నాను, నాకూ మండి.

"అబద్ధమైతే చించుదును. ఒక్క అక్షరం అబద్ధం లేదురా ఇందులో!" అని గది దద్దరిల్లేలా అరిచాడు. "వాడు రాయించింది ఇందులో లేదు, షట్‌డౌన్‌లో తప్పించింది లేదు, నా కాగితాలు బల్ల మీద పెట్టుకుని ఆడించింది లేదు. నేను చేసింది మాత్రం పొల్లు పోకుండా రాశారు. దీనిమీద ఎవరికి చెప్పుకోను? ఏమని చెప్పుకోను?"

సామాను సర్దుతున్నప్పుడు వెళ్లాను. హాలంతా అట్టపెట్టెలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంజనీరమ్మ ఫోను చేసింది. బావ సీటు ఇప్పుడు ఆమెదేనట. చేతిలో టేపు చుట్ట ఉండడంతో స్పీకరులో పెట్టాడు.

"సార్, ఇలాంటి క్లాంపులు రిఫైనరీలో ఇంకా పదకొండున్నాయి. అన్నిటికీ మీ సంతకాలే. వాటిలో ఏవి కొలిచారు, ఏవి..."

"కాపీ చేశానని అనడానికి మొహమాటం దేనికి? అను!"

"ఏవి కాపీ చేశారు సార్?"

పెట్టె మీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. కొలిమి వెనకది కొలిచాను, రెండేళ్లయింది. ట్యాంకు పక్కది కాపీ. పంపు గదిలోవి రెండూ కాపీ. ఆవిరి లైనుది కొలిచాను, అది బాగానే ఉంది. ఒక్కోటి చెప్తుంటే ఆయన మొహం ఎర్రబడుతోంది. అక్క చీరలు మడతపెట్టడం ఆపి వింటోంది.

"థాంక్స్ సార్. మీరు కొలిచానన్న నాలుగూ పక్కన పెట్టి, మిగతా ఏడూ ఆపమని రాసి ఇవాళే సంతకం పెట్టి పంపిస్తాను."

బావ చేతిలోని టేపు చుట్ట గోడకి కొట్టాడు.

"పక్కన పెడతావా? ఎవరు చెప్పారని పక్కన పెడతావు? నేను చెప్పాననా? నా నోటి మాట మీద నువ్వు సంతకం పెడతావా? ఇన్ని జరిగాక కూడానా? ఇదేనా నా ఫైళ్లు తవ్వి నువ్వు నేర్చుకుంది? పదకొండూ అనుమానమే అనుకో. ముందు వాటి కిందినించి మనుషుల్ని లేపు. పరంజా కట్టించు. కట్టనంటే నువ్వే కూర్చో అక్కడ, కట్టేదాకా. పో, గేజి తీసుకుని పో!"

"ఇప్పుడే వెళ్తున్నాను సార్."

"జిగురు కొత్తది తీసుకో. పాతది ఎండిపోయింది," అన్నాడు, అదే గొంతుతో.