మెలకువగానే నా చేతి ఆపరేషన్

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లే కుడతాను. ఒకసారి బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు ఎముక చిట్లింది. పిండికట్టు వేశారు, నెలన్నరకు తీశారు. బాగైపోయిందనుకున్నాను. రెండు వారాలు గడిచాయో లేదో, ఒక ఉదయం కత్తెర పట్టుకుంటే తెరుచుకోలేదు. చూస్తే బొటనవేలు వాలిపోయి ఉంది. ఎంత ప్రయత్నించినా లేవదు. నొప్పి మాత్రం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఎల్బీనగర్‌లో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు చూశారు. వేలిని పైకి లాగే తాడులాంటిది, ఎముక చిట్లిన చోట రాసుకుని లోపల అరిగి తెగిపోయిందన్నారు. చూపుడు వేలికి అలాంటివి రెండుంటాయట. అందులో ఒకటి తెచ్చి బొటనవేలికి కలుపుతారట.

"మత్తిచ్చే చేస్తరు గద సార్?" అన్నాను.

పక్కనే కూర్చున్న మత్తు డాక్టరమ్మ జవాబిచ్చింది. ఆమెది గుంటూరు వైపు మాట. "చేతి వరకే ఇస్తానమ్మా. నిద్రపుచ్చను. తాడు ఎంత బిగించాలో మీరు వేలు కదిపి చూపిస్తేనే మాకు సరిగ్గా తెలుస్తుంది."

"అమ్మో! కోస్తుంటె నేను చూస్కుంట పండుకోవాల్నా? నాతోని కాదు. మొత్తం మత్తియ్యుండ్రి."

"అలా అయితే అంచనా మీద కట్టాలి. మీరే చెప్పండి, ఆది జాకెట్ ఇచ్చిపోతే బాగా కుదురుతుందా, మనిషి ఎదురుగా నిలబడితేనా?"

మనిషి ఎదురుగా ఉంటేనే కుదురుతుందని నాకు తెలుసు. సరేనన్నాను.

ఆపరేషన్ రోజు ఇడ్లీ తినే రమ్మన్నారు. డాక్టరమ్మ మణికట్టు దగ్గర, వేళ్ల మొదట్లో సూదులు వేసింది. మొదటిది చురుక్కుమంది. తర్వాతవి తెలియలేదు. రక్తం ఎక్కువ కారకుండా అందులో ఇంకో మందు కలిపానంది. అరగంటలో ఆ భాగమంతా తెల్లగా పాలిపోయింది. వేళ్లు మాత్రం నేను కదిపితే కదులుతున్నాయి.

కోత మొదలవగానే ముఖం గోడవైపు తిప్పుకున్నాను. ఎవరో చేతిని పట్టి లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి అసలే లేదు. డాక్టరమ్మ నా తల దగ్గర స్టూలేసుకుని జాకెట్ మెడల్లో బోట్ నెక్‌కీ, పాట్ నెక్‌కీ తేడా అడుగుతోంది. చెబుతూ చెబుతూ భయం మర్చిపోయాను.

"ఇప్పుడు చూపుడు వేలు ఎత్తాలనుకోండి," అన్నారు డాక్టరు, తాడు తెచ్చి బొటనవేలికి తగిలించాక.

అనుకున్నాను. తల తిప్పి చూస్తే బొటనవేలు లేచింది! వాలిపోయిన నా వేలు నా కళ్లముందే నిటారుగా నిలబడింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఇప్పుడు దాంతో చిటికెన వేలిని తాకండి."

తాకలేకపోయాను. "జర టైటయింది సార్. జరంత వదులు చెయ్యుండ్రి."

వదులు చేశారు. ఈసారి తాకింది కానీ లేచేటప్పుడు సగంలో ఆగింది. మళ్లీ కొంచెం బిగించారు. మూడోసారి చిటికెన వేలినీ తాకింది, పూర్తిగానూ లేచింది.

"బస్, గిదే! గిక్కడనే కుట్టెయ్యుండ్రి," అన్నాను.

"టైలరమ్మ ఓకే అంది, వేసేద్దాం," అని డాక్టరు నవ్వారు. గదంతా నవ్వింది.

కట్టుతో నేనే నడిచి బయటికొచ్చాను. మా ఆయన కంగారుగా లేచాడు.

"ఏందే, నడుసుకుంట ఒస్తున్నవ్? మత్తెక్కలేదా?"

"ఎక్కింది, గా చేతికే. ఎంత బిగించాల్నో నేనే చెప్పిన."

ఆయన నమ్మలేదు. వెనకే వచ్చిన డాక్టరమ్మ, "నిజమేనండీ, కొలత మీ ఆవిడదే," అంది. మా ఆయన నన్నూ, నా చేతినీ మార్చి మార్చి చూశాడు.

నెల రోజులు చేతికి పట్టీ ఉంచారు. తర్వాత రోజూ వేళ్లకు కసరత్తు చేశాను. ఆ ఏడు పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిన పెళ్లికూతుళ్ల జాకెట్లన్నీ నేనే కుట్టాను. ఒక్కటీ వెనక్కి రాలేదు.