తాళం పడిన అయస్కాంతాలు

మా సైన్స్ మేడం పోయారని, వికారాబాద్ నుంచి తాండూరు వస్తూ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. ఏడుస్తూనే దిగాను. తర్వాత ఆమె పనిచేసిన బడిలో సంతాప సభ పెట్టారు. అక్కడ మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఎవరినీ పల్లెత్తు మాట అనని శాంతమూర్తి" అన్నారు హెడ్‌సారు. ఎవరు, మా మేడమా? అప్పట్లో ఈ సారే లెక్కలు చెబుతూ సైన్స్ అల్మారా తాళంచెవి తన దగ్గర పెట్టుకునేవారు. ఆ తాళంచెవి కోసం మేడం ఆయనతో పడ్డ గొడవలు మా క్లాసంతా విన్నది.

"పిల్లలు పాడుచేస్తరు మేడం."

"చేయనీయుండ్రి సార్! ముట్టుకోకుంట నేర్చుకుంటే అది చదువెట్లయితది?"

ఆ కొట్లాటలన్నీ పాడెతోపాటే పోయాయనుకున్నారేమో!

ఇనుప మేకుకు రాగి తీగ చుట్టించి, బ్యాటరీకి కలిపించి, మా చేతులతోనే గుండుసూదులు ఎత్తించేవారు మేడం. మొదటిసారి నా మేకుకు ఒక్కటీ అంటుకోలేదు. "కొనలు గీకినవా బిడ్డా? తీగ మీద పూత ఉంటది, కరెంటు పోనియ్యది" అని గడప దగ్గరి నాపరాయి చూపించారు. మేమంతా దాని మీదే గీకేవాళ్లం. అయస్కాంతాలనైతే ఉత్తరం పక్కన దక్షిణం వచ్చేలా జతచేసి, బలం తగ్గకుండా చివర్లకు ఇనుప ముక్కలు ఆనించి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టెలో సర్దేవారు.

ఇప్పుడు నా కూతురు అదే బడిలో చదువుతోంది. విద్యుదయస్కాంతం అంటే ఏమిటో గడగడా ఒప్పజెబుతుంది. ఒక్కనాడూ ముట్టుకోలేదు. మేడం రిటైరైన నాటి నుంచి అల్మారాకు తాళమే. మీరే చెప్పండి, ఇది ఏ రకం నివాళి?

ఫొటోకు దండ వేసి నేరుగా సారు దగ్గరికి పోయాను.

"అల్మారా తాళంచెవి ఇయ్యుండ్రి సార్."

"ఇయ్యాల గదెందుకమ్మా? గిసొంటి దినాన లొల్లా?"

"ఇయ్యాల్నే కావాలె. ఆమె గురించే."

నలుగురూ చూస్తున్నారు కాబట్టి ఇచ్చారు. లోపల అయస్కాంతాలు తుప్పుపట్టి కుప్పగా పడి ఉన్నాయి. ఒక్క సూదిని లాగే సత్తువ లేదు వాటికి. అయ్యో, మేడం చూసి ఉంటే!

అడుగున మేకులు, తీగలు, గుండుసూదులు దొరికాయి. గోడ గడియారంలోంచి బ్యాటరీ తీశాను. సభలో కూర్చున్న నా బిడ్డను పిలిస్తే వచ్చి మేకుకు తీగ చుట్టి కలిపింది. సూది కదల్లేదు.

"కొనలు గీకినవా?" అన్నాను.

ఉరికి గడప దగ్గర గీకి వచ్చింది. ఈసారి సూదులు గుత్తిగా లేచాయి. "అమ్మా, తీగ ఇడిస్తే పడిపోతున్నయే!" అని ఒకటే కేక. సభలోని పిల్లలంతా లేచి అల్మారా చుట్టూ మూగారు.

తాళం వేయడానికి సారు చెయ్యి చాపారు. నేను తాళంచెవి ఇవ్వలేదు. అది ఇప్పుడు నా సంచిలోనే ఉంది. కావాలంటే ఇంటికొచ్చి అడగమనండి.

నేను బయల్దేరేసరికి పిల్లలు గడప దగ్గర గొంతుక్కూర్చుని తీగలు గీకుతున్నారు. మా కాలపు గీతల మీద కొత్త గీతలు ఎర్రగా మెరుస్తున్నాయి.