విప్పని రెండు పుస్తకాలు

అది 2024 మార్చి పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం రెండున్నరకు మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి కింద కర్రీ పాయింట్ నడిపే ఆమె బేరం సద్దుమణిగాక రెండంతస్తులు ఎక్కి వచ్చింది. చేతిలో ఒక లావుపాటి నవల.

“అమ్మా, జర ఇది సదివి వినిపిస్తరా? నేను కూడబలుక్కుంట సదివితే ఒక్క పేజీకే పొద్దుగూకుతది.”

ఆ నవల ఆమె కొడుకుది. అతను ఇల్లు విడిచి అప్పటికి ఇరవై మూడు రోజులు. ఇరవై నాలుగేళ్లవాడు, ఒక్కడే సంతానం. ఉద్యోగ పరీక్ష మూడోసారి కూడా పోయింది. ఫిబ్రవరి ఇరవై, మంగళవారం సాయంత్రం చేతిలో సంచీ కూడా లేకుండా బయటికి వెళ్లాడు. ఎల్బీ నగర్‌లో నల్లగొండ బస్సు ఎక్కుతుండగా తెలిసినవాళ్లు చూశారు. ఫోను మంచం మీదే వదిలేశాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ఆయన కొడుకు ఫొటో పట్టుకుని బస్టాండ్లూ పోలీసు స్టేషన్లూ తిరుగుతున్నాడు. తల్లి మాత్రం పుస్తకాలు పట్టుకుంది. కొడుకు రెండేళ్లుగా తిండి తింటూ కూడా వాటినే చదివాడు కాబట్టి, వాటిలో ఏముందో తెలిస్తే వాడి మనసులో ఏముందో తెలుస్తుందని ఆమె లెక్క.

నాకు అప్పటికి డెబ్బై రెండేళ్లు. మాది తెనాలి వైపు. ప్రభుత్వ కార్యాలయంలో జమాఖర్చులు చూసి రిటైరయ్యాను. రాజులూ మాయలూ ఉన్న కథలు నా వయసువాళ్లకు కావనుకునేదాన్ని. ఆమె మొహం చూసి కాదనలేక కళ్లజోడు తుడుచుకున్నాను.

నవలలు మొత్తం తొమ్మిది. ఒక్కోటీ ఒక్కో రాజ్యం కథ. దేనికది విడిగా చదువుకోవచ్చు, కానీ లోకం మాత్రం ఒకటే. ఒకదానిలో గుర్రానికి నాడా కొట్టి వెళ్లిపోయినవాడు ఇంకోదానిలో సేనాపతిగా కనిపిస్తాడు. మొదటి వారం నాకు విసుగ్గా ఉండేది. కథలో ఇరవై రోజుల్లో రెండు పౌర్ణములు వచ్చాయి. ఒక రాణి పెళ్లినాటికి, కొడుకు పుట్టిననాటికి వయసు కలవలేదు. తప్పు దొరికిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టాను. ఏప్రిల్ వచ్చేసరికి, రెండున్నర ఎప్పుడవుతుందా అని గడియారం చూడడం నా వంతయింది.

ఆమె ఖాళీ చేతులతో వినేది కాదు. సాయంత్రం బేరానికి చిక్కుళ్లు ఒలుస్తూనో, వెల్లుల్లి పొట్టు తీస్తూనో వినేది. మూడో నవలలో నలభై వేల సైన్యం పదకొండు రోజులు కొండ మీద విడిది చేసి ఉంటుంది.

“గంతమందికి వండింది ఎవలమ్మా?” అంది.

“రాయలేదు.”

“రాయడు. మొగోడు గదా. నేను ఐదు కిలోల పప్పుకే నడుం పట్టుకుంట. గాళ్లేమో ఉపాసం ఉండి కత్తులు తిప్పుతున్నరు.”

ఆమె నవ్వడం ఆ నెలల్లో నేను చూసింది అప్పుడే. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వకూడని ఇంట్లో నవ్వినట్టు.

మొదటి నవలలో ఒక పడవవాడి కొడుకు ఉన్నాడు. ముఖ్యమైన పాత్ర కాదు. ఏటి మీద పొగమంచులోకి పడవ తోసుకుపోతాడు, తిరిగి రాడు. తల్లి ఒడ్డున నిలబడుతుంది. అంతటితో రచయిత అతన్ని వదిలేశాడు. ఆమె వదల్లేదు. నాలుగో నవలలో ఒక సంతలో ఉప్పు అమ్మేవాడు కనిపించాడు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది. ఆమె చదవడం ఆపించింది.

“వాడే. పడవ పిలగానికి గూడ చెవి చీలి ఉండె. ఎనుకకు తిప్పి సూడుండ్రి.”

చూస్తే నిజమే. కానీ నేను రాజుల పాలనాకాలాలు కూడి చూశాను. రెండు కథల మధ్య నూట పన్నెండేళ్లు. “ఉండే వీల్లేదమ్మా. ఎప్పుడో పోయుంటాడు,” అన్నాను.

“గా పొగల ఏండ్లు మన లెక్కనే ఉంటయా?” అంది.

జూలైలో ఆరో నవలకు వచ్చాం. పొగమంచు అవతల ఒక రాత్రి గడిస్తే ఇవతల పదేళ్లు గడుస్తాయని అందులో ఒక ముసలి మంత్రసాని చెబుతుంది. నేను మళ్లీ లెక్క వేశాను. సరిపోయింది. ఉప్పు అమ్మేవాడు ఆ పడవవాడి కొడుకే. “నువ్వే రైటమ్మా,” అన్నాను. ఆమె చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టి, ఆ పేజీ మళ్లీ చదివించుకుంది.

ఆ తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. ఏడో నవల దాకా కొడుకు మూలలు మడిచిన పేజీలున్నాయి. ఎనిమిదీ తొమ్మిదీ కొత్తవి, పైన ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఆగస్టు ఆఖరుకు ఏడు ముగించి, ఎనిమిది తెమ్మన్నాను.

“గవి ముట్టొద్దమ్మా. వాడు ఒచ్చి సదువుతడు. రెండు పుస్తకాలు మిగిలిచ్చి ఎవడన్న సస్తడా?”

నాకు నవ్వు రాలేదు. కంటిలో శుక్లానికి ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెబితే, ఏడోది అయ్యేదాకా వాయిదా వేయించుకున్నదాన్ని నేను. కథ అంత గట్టిగా మనిషిని పట్టుకుంటుందని నా ఒంటికే తెలుసు. ఆమె మాట రుజువుగానే తోచింది.

అక్టోబరు రెండు, బుధవారం, పెత్రమాస వచ్చింది. మేము మహాలయ అమావాస్య అంటాం. ఇక్కడివాళ్లు ఆ రోజు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి గుళ్లో అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మ మొదలుపెడతారు. పొద్దున్నే కింద కేకలు వినిపించి దిగాను. ఆమె భర్త చేటలో బియ్యం పోసుకుని నిలబడ్డాడు.

“వాని పేరు మీద గూడ ఇద్దామే. ఏడు నెలలాయె. ఉంటే ఒక్క ఫోన్ చెయ్యడా? ఆకలితోని తిరుగుతుండేమో వాని పానం.”

“నీ నోట్ల మన్ను పడ. బతికున్నోనికి బియ్యమిస్తవా?”

“నేను తిరుగుతున్న, నాకెరుక. నువ్వు పుస్తకాలు వినుకుంట కూసున్నవు.” నా వైపు తిరిగాడు. “మీరు లెక్కలెరిగినోళ్లు. మీరే చెప్పుండ్రి అమ్మా. ఉన్నడా, లేడా?”

“రుజువు లేకుండా పోయినవాళ్ల పద్దులో రాయకూడదు బాబూ,” అన్నాను.

ముప్పై మూడేళ్లు నేను చేసిన పని అదే. అందుకే ఆ మాట వచ్చింది. ఆయన చేటలోంచి రెండు దోసిళ్ల బియ్యం తీసి డబ్బాలో తిరిగి పోశాడు. మిగిలింది తన తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం ఆమె సందులో అందరితో కలిసి బతుకమ్మ ఆడింది.

నవంబరు పన్నెండు, మంగళవారం, పదకొండు గంటలకు రైల్వే పోలీసుల నుంచి ఫోను వచ్చింది. భర్త ఒక్కడే వెళ్లాడు. గుర్తు తెలియని శవాల ఫొటోల్లో కొడుకు ఉన్నాడు, ఒంటి మీద ఇంటినుంచి వెళ్లిన చొక్కాతోనే. పట్టాల మీద దొరికిన తేదీ ఫిబ్రవరి ఇరవై మూడు. ఆనవాలు పట్టేవాళ్లు లేక నియమం ప్రకారం వాళ్లే పూడ్చేశారు. మేము మొదటి పేజీ తెరిచేనాటికి అతను పోయి ఇరవై రోజులైంది.

పెద్దకర్మ జరిపించడానికి దినాలు ఎక్కడినుంచి లెక్కపెట్టాలో అయ్యగారికీ తెలియలేదు. తెలిసిన రోజునుంచి అన్నారు.

డిసెంబరులో ఆమె ఆ రెండు పుస్తకాలూ నా గుమ్మం దగ్గర పెట్టింది. “సదువుకోండ్రి. నాకొద్దు,” అని లోపలికి రాకుండానే దిగిపోయింది. నేను కవర్లు విప్పి చదివాను. అందుకు నన్ను ఎవరేమనుకున్నా సరే. తొమ్మిదో నవల చివర చెవి చీలినవాడు ఏరు దాటి ఊరికి వస్తాడు. ఇన్నేళ్లూ పొగమంచు ఆ ఒడ్డునూ కమ్మేసి ఉంది కాబట్టి, తల్లి అక్కడ అలాగే ఉంటుంది. వయసుల లెక్క ఎక్కడా తప్పలేదు. ఆ రచయిత రాసిన వాటిలో అంత బాగా రాసిన పేజీలు ఇంకెక్కడా లేవు. చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

సంక్రాంతి వెళ్లాక, కర్రీ పాయింట్ ఎత్తేసి వాళ్ల సామాను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తున్న రోజున, ఆమె మెట్ల మీద ఎదురైంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగింది.

“ఒచ్చిండా అమ్మా?”

“వచ్చాడు.”

“తల్లి ఉన్నదా?”

“ఉంది.”

తల ఊపి, స్టవ్ గొట్టం చేతికి చుట్టుకుంటూ కిందికి వెళ్లిపోయింది.

పోయినవి ఇవి. ఇరవై నాలుగేళ్ల కొడుకు ఒకడు. అతని శరీరం, ఎక్కడ పూడ్చారో తండ్రికి చూపించలేకపోయారు. అతని పేరున ఇవ్వవలసిన ఒక పెత్రమాస బియ్యం. పదకొండేళ్లు నడిచిన ఒక కర్రీ పాయింట్. ఆ భార్యాభర్తల మధ్య మాటలు. ఆమె నాగోల్‌లో చెల్లెలి దగ్గర, ఆయన ఎల్బీ నగర్‌లో ఆటో అడ్డా దగ్గర గదిలో. నా వైపునుంచి, ఒక స్నేహం.