కాలు ఇచ్చిన అనుమతి

వీధిలో అందరూ ఆమెను టైపమ్మ అనేవారు. ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక గబగబా చెప్పి రికార్డు చేసిన మాటల్ని ఇంట్లో కూర్చుని వినడం, రిపోర్టుగా టైపు చేసి ఒక కంపెనీకి పంపడం ఆమె పని. పదమూడేళ్ళుగా అదే పని, అదే కిటికీ, అదే బల్ల. కంప్యూటర్ మాత్రం మూడోది. అది కంపెనీ వాళ్ళు ఇచ్చింది కాదు, ఆమె సొంత డబ్బుతో కొనుక్కున్నది. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగిన గొడవంతా దాని మీదే.

ఆ పనిలో ఎన్ని చెవిన పడతాయో చెప్పనలవి కాదు. ఎవరి కాలేయం తాగుడుకి పాడైందో, ఎవరు కడుపు పోయిన సంగతి ఇంట్లో దాచారో, ఎవరు నిద్రమాత్రలు మింగి ఆసుపత్రిలో తేలారో అన్నీ టైపమ్మకు తెలుసు. ఒకసారి పక్కవీధి మందుల షాపాయన పేరే వినబడింది. ఆయనకున్న జబ్బు ఆయన భార్యకు కూడా తెలియదట. మర్నాడు టైపమ్మ ఆ షాపుకే వెళ్ళి తలనొప్పి మాత్ర అడిగింది, చిల్లర తీసుకుంది, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చింది. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన రోజున కంపెనీ వాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రోగుల మాట మూడో మనిషి చెవిన పడితే ఉద్యోగం ఊడుతుంది, పైగా కేసు పెడతారు. ఆ సంతకాన్ని ఆమె ఒట్టు పెట్టుకున్నట్టే చూసుకుంది.

అయితే ఆమెకొక అలవాటుంది. విన్న మాటను పైకి అంటే తప్ప వేళ్ళు కదలవు. డాక్టరుగారు చెవిలో చెప్పిందంతా ఆమె నోట మళ్ళీ వినబడాల్సిందే, పేరూ వయసూ రోగమూ సహా. అందుకని తలుపు గడియ వేసి, ఫ్యాను పెద్దగా పెట్టుకుని కూర్చునేది. అత్తగారికి మాత్రం ఆ గదిలో ఉండడానికి మినహాయింపు. ఆవిడ చెవులు పోయి ఆరేళ్ళయింది. కళ్ళు మాత్రం సూదిలో దారం ఎక్కించేంత బాగున్నాయి.

ఆ కళ్ళే పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే స్నానం చేసొచ్చి ఆ గదిలోనే ఒంటికి చీర చుట్టుకుంటూ అత్తగారు గట్టిగా కేకేసింది.

"ఏమే, ఆ పచ్చ లైటేంటి? నావంకే చూస్తోంది!"

టైపమ్మ తలెత్తింది. తెర పైభాగాన, కెమెరా పక్కన ఆవగింజంత లైటు వెలుగుతోంది. ఎన్నాళ్ళ నుంచి వెలుగుతోందో! పని చేసేటప్పుడు ఆమె చూపు తెర కింది సగం దాటి పైకి పోదు. మొదలుపెట్టిన రిపోర్టును మధ్యలో వదిలేయడం ఆమెకు అలవాటు లేదు. ఆ రోజు వదిలేసింది. సెట్టింగుల్లోకి వెళ్ళి ప్రైవసీ అన్న పేజీ తెరిచింది.

తెరిచాక ఒళ్ళు మండిపోయింది. తెర మీద బొమ్మలు మార్చే యాప్‌కి ఆమె ఎక్కడుందో తెలియాలట. మధ్యాహ్నం పూట ఆడుకునే పదకేళి ఆటకి మైకు కావాలట. గడులు నింపడానికి మైకు దేనికో ఆ ఆట చేసినవాణ్ణే అడగాలి! క్యాలెండరుకి ఆమె ఫైళ్ళన్నీ కావాలట. అందరికంటే పైన కంపెనీ వాళ్ళు పోయిన నెల పెట్టించిన హాజరు యాప్ ఉంది. దానికి కెమెరా, మైకు, ఫైళ్ళు, తెర మీద కనబడేదంతా తెరిచే ఉన్నాయి. ఒక్కొక్క పేరు పక్కనా 'మీరు అనుమతించారు' అని ఉంది.

"నేనా? ఎప్పుడు?" అని తెరనే నిలదీసింది.

కాసేపు తల పట్టుకుని కూర్చుంటే అప్పుడు వెలిగింది. కంపెనీ టైపింగ్ ప్రోగ్రాంలో ఎంటర్ నొక్కితే డాక్టరు మాట ఆగుతుంది, మళ్ళీ నొక్కితే సాగుతుంది. చేతులకు తీరిక ఉండదు కనుక ఈ పని చేసేవాళ్ళంతా బల్ల కింద ఒక పెడల్ పెట్టుకుని ఎంటర్‌ని కాలికి అప్పగిస్తారు. నిమిషానికి పదిసార్లు కాలు నొక్కుతూనే ఉంటుంది. మధ్యలో 'అనుమతించాలా?' అని ఏదో పెట్టె తెర మీదకు వచ్చేది, కళ్ళు అటు తిరిగేలోపే మాయమయ్యేది. దానంతట అదే పోతోందనుకుంది పిచ్చిమొహంది. అది పోలేదు. కాలు ఎంటర్ నొక్కి సరే అంది.

ఇక ఆమె ఆగలేదు. పదకేళిని మూలమట్టంగా పీకేసింది. బొమ్మల యాప్‌కీ క్యాలెండరుకీ అన్నీ మూసేసింది. హాజరు యాప్ దగ్గరికొచ్చి ఒక్కో అనుమతి మీటా కిందికి దించుతుంటే, ఇలా చేస్తే యాప్ సరిగా పనిచేయకపోవచ్చని అది ప్రతిసారీ హెచ్చరించింది. "పనిచేయకపోతే మానెయ్, నాకేం?" అని నాలుగూ దించేసింది. అత్తగారి మోకాలి నొప్పి పట్టీలోంచి గోరంత ముక్క కత్తిరించి కెమెరా మీద అంటించి, అప్పుడు మంచినీళ్ళు తాగింది.

మర్నాడు తొమ్మిదింటికల్లా సూపర్‌వైజరు ఫోను. వయసులో చిన్నది, మాట తీపి.

"అక్కా, మీ హాజరు పడట్లేదు. పర్మిషన్లు ఏమన్నా ఆఫ్ అయ్యాయా?"

"ఆఫ్ అవలేదమ్మా. నేనే చేశాను, కంప్యూటర్ నాదే కదా."

"అయ్యో, అలా కుదరదక్కా. అందరివీ ఆన్‌లోనే ఉన్నాయి. మీరు కూడా ఒప్పుకునే ఇచ్చారుగా, రికార్డులో ఉంది."

"ఇచ్చింది నా కాలు. దాన్ని అడుగు."

అవతల ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుంది. తర్వాత తీపి కాస్త తగ్గింది. "రేపు సాయంత్రం ఆరులోపు ఆన్ చేయకపోతే ఐడీ మూసేస్తారక్కా. నా చేతిలో ఏం లేదు."

ఐడీ మూసేయడమంటే ఉద్యోగం పోవడమే. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల లేదు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. రాత్రి అన్నాల దగ్గర అతను గొంతు తగ్గించి అన్నాడు.

"ముప్పైమంది ఒప్పుకున్నారు. నీ ఒక్కదానికే ఏమొచ్చింది?"

"మీ అమ్మ చీర కట్టుకుంటుంటే ఎవడో చూశాడండీ. మీకేం రాలేదా?"

అతను మంచినీళ్ళ గ్లాసందుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు, భయస్థుడు. భయం ఆమెకు మాత్రం లేదా? ఆ రాత్రి అద్దె గుర్తొచ్చి, లేచి చేతిలో ఎంతుందో రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అయినా ఆ మీటలు తిరిగి పైకి జరపడానికి మనసు రాలేదు. పదమూడేళ్ళు నోరు కట్టుకుని బతికింది, ఆ మాటల్ని ఇప్పుడు ఎవడో కూర్చుని వింటాడా అనుకుంటే ఏడుపొచ్చింది.

తెల్లారాక కంపెనీకి ఈమెయిల్లో ఉత్తరం రాసింది. బతిమాలలేదు, కాళ్ళబేరానికి పోలేదు. అడిగింది ఒక్కటే. 'నేను రోగుల పేర్లూ జబ్బులూ పైకి చదువుతూ టైపు చేస్తాను. మీ హాజరు యాప్ మైకు అదంతా వింటుంది. ఆ రికార్డు వినేవాడు మూడో మనిషా, కాదా? కాదంటే సంతకం పెట్టి రాసివ్వండి, ఇప్పుడే ఆన్ చేస్తాను. అవునంటే, మీరు నాచేత సంతకం పెట్టించిన కాగితం ప్రకారం కేసు ఎవరి మీద పెట్టాలో చెప్పండి.'

పదింటికి సూపర్‌వైజరు ఫోను చేసి నీళ్ళు నమిలింది. పెద్దవాళ్ళతో మాట్లాడతానంది. రెండయింది, నాలుగయింది. టైపమ్మ రిపోర్టులు చేస్తూనే ఉంది, తలుపు గడియ తీయలేదు. ఐదున్నరకి మొగుడు పనిలోంచి వచ్చి తలుపు తడితే అప్పుడు తీసింది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు, చెప్పులు కూడా విప్పలేదు.

ఆరుకి పదినిమిషాలుందనగా జవాబొచ్చింది. కెమెరా, మైకు, ఫైళ్ళు, తెర ఏవీ అక్కర్లేదట. పూర్తిచేసిన రిపోర్టుల్ని బట్టే హాజరు వేస్తారట. చివర ఇంకో వాక్యం ఉంది: 'ఈ వెసులుబాటు మీ ఒక్కరికే. దయచేసి తోటివారికి తెలియనివ్వకండి.'

వెంటనే ఫోను మోగింది. "అక్కా, మీరే గెలిచారు. గ్రూపులో మాత్రం పెట్టకండి, ప్లీజ్."

"సరే, ఉంటానమ్మా" అని పెట్టేసింది. మొగుడు అప్పుడు చెప్పులు విప్పి, హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాడు.

"పోనీలే, గండం గడిచింది. ఇంక నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో" అన్నాడు.

ఆమె కంప్యూటర్ ముందుకు జరిగింది. టైపిస్టులు ముప్పైమందీ ఉన్న గ్రూపు తెరిచి, ఎక్కడికి వెళ్ళాలో, ఏ మీట దించాలో, ముందుగా కాలు ఎక్కడి నుంచి తీయాలో వరసగా రాసింది. కింద కంపెనీ ఉత్తరాన్ని ఆ చివరి వాక్యంతో సహా జతచేసింది. మొగుడు తెరలోకి చూసి గాభరాగా లేచాడు.

"చెప్పొద్దన్నారు కదే!"

"రోగుల మాట దాస్తానని సంతకం పెట్టానండీ, చచ్చేదాకా దాస్తాను. వీళ్ళ మాట దాస్తానని ఎక్కడా పెట్టలేదు" అంది, పంపించేసింది.