వాము నీళ్లు

మా తోటికోడలు నన్ను ఒక మాట అంది. ఏళ్లు గడిచాయి. ఎవరెవరి ముందు అందో, అప్పుడు ఏ చీర కట్టుకుందో ఇప్పటికీ చెప్పగలను.

ఆ రోజు పొద్దున్నే మా ఆయన గుండెల్లో మంటగా ఉందన్నారు. ముందు రోజు పెళ్లి భోజనం చేసి వచ్చారు కాబట్టి గ్యాస్ అనుకున్నాను. వాము నీళ్లు కాచి ఇచ్చి, కాసేపు కూర్చోమన్నాను. తాగాక కొంచెం నయమని కూడా అన్నారు. ఆసుపత్రికి బయలుదేరేసరికి ఆలస్యమైపోయింది. శవం ఇంకా ఇంట్లో ఉండగానే మా తోటికోడలు అందరి ముందూ అంది.

"వాము నీళ్లిచ్చి కూకోబెట్టిందంట. బేగి తీసుకెళ్తే మా మరిది బతికేవోడు."

ఒక్కరూ ఆమెను ఆపలేదు. ఆపని వాళ్లందరూ నాకు గుర్తున్నారు.

ఆమెతో మాట్లాడడం మానేశాను. ఆమె మాట మాత్రం నన్ను వదల్లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేది, గుండె దడదడలాడేది. బీపీ మందులు రాసే డాక్టరు చివరికి మా నర్సీపట్నంలోనే ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. చాలాసేపు బయట కూర్చోబెట్టాక, నా కూతురి వయసు పిల్ల లోపలికి పిలిచి "చెప్పండి ఆంటీ" అంది. నేను టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. మేడం అంటే ఆ పిల్ల సొమ్మేం పోతుంది?

అయినా చెప్పింది విన్నాను. ఎవరైనా తిట్టినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో, మనల్ని మనం తిట్టుకున్నప్పుడూ అలాగే కొట్టుకుంటుందట. తిట్టింది ఎవరన్నది ఒంటికి పట్టదట. నెమ్మదిగా వదిలే ఊపిరి, గుండె మీద అరచేయి, ఒక మంచి మాట. వీటితో ఒళ్లు మళ్లీ కుదుటపడుతుందట.

"మీ ఫ్రెండుకి ఇలాగే జరిగిందనుకోండి ఆంటీ. ఆవిడకి ఏం చెప్తారు?"

"నాకు ఫ్రెండ్స్ లేరు."

"పోనీ, ఎవరో ఒకరు."

"నన్ను అన్నవాళ్లకే జరిగితే, వాళ్లన్న మాటే వాళ్లకి అప్పజెప్తాను."

"అప్పుడు మీకు నిద్ర పడుతుందా?"

ఫీజు ఎంతని అడిగి లేచాను.

పోయిన వేసవిలో మా బావగారు, అంటే నేను అక్కా అని పిలిచే ఆ తోటికోడలి భర్త, మాకవరపాలెంలో పోయారు. ఛాతీలో నొప్పంటే అక్క సోడా తెప్పించి పట్టించిందని మా ఆడపడుచు ఫోన్‌లో చెప్పింది. నేను షేర్ ఆటో ఎక్కాను. ఇన్నేళ్లూ దాచుకున్న మాటను దారంతా సరిచూసుకున్నాను. వాము నీళ్ల చోట సోడా, మరిది చోట బావగారు అని మార్చుకుంటే చాలు.

నేను వెళ్లేసరికి అక్క గోడకు చేరబడి ఉంది. పక్కింటావిడ ఆమెకు ఆనుకుని కూర్చుని, "సోడా పట్టించే బదులు బేగి కారెక్కించాల్సిందమ్మా, బతికేవోరు" అంటోంది. నేను అనాల్సినది ఆవిడ అనేసింది. అక్క తలెత్తింది. నన్ను చూసి, పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"నువ్వైతే నా మొకం సూసి అబద్దం సెప్పవు. నిజం సెప్పు. నా సేతుల్తోనే సంపీసినానా?"

గదిలో అందరూ నా వైపు చూశారు. ఆ రోజు నోరు విప్పని వాళ్లు వాళ్లలో ఉన్నారు.

"నొప్పొస్తే అది గుండెదో గ్యాసుదో నీకేటి తెలుస్తాదక్కా," అన్నాను. "ఆయనకి తగ్గాలనే కదా ఇచ్చావు."

పక్కింటావిడను కొంచెం అవతల కూర్చోమన్నాను. ఆవిడ ముఖం మాడ్చుకుని జరిగింది.

అక్క నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నన్నన్న మాట ఇప్పుడైనా గుర్తు చేసుకుంటుందేమోనని చూశాను. చేసుకోలేదు. పరామర్శకు వెళ్లినచోట వస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పకుండానే లేచాను.

తిరుగు ఆటోలో, ఎదుటివాళ్లకు కనిపించకుండా, పమిట కింద అరచేయి గుండె మీద పెట్టుకున్నాను. తగ్గాలనే కదా ఇచ్చావు, అని లోపలే అనుకున్నాను. నాతో ఎవరూ అనని మాట. నర్సీపట్నం వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

అక్కను క్షమించానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ మాటా గుర్తుంది, ఆ చీరా గుర్తుంది. తెల్లవారుజామున మెలకువ ఇప్పటికీ వస్తుంది. కాకపోతే ఇప్పుడు, ఆమె మాట వినపడేలోపే నా మాట నేను చెప్పుకుంటాను.