చీటీల బాబాయ్ రెండో చూపు

చీటీ రాయకుండా బాబాయ్ ఏ పనీ చేయడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి ఆరంతస్తుల లిఫ్టుకు కొత్త తాళ్లు వేయడం వరకు ముందు చీటీ, తర్వాతే పని. పని అయిపోయినా చీటీ చింపడు. ఇంకో రోజు వెళ్లి రెండోసారి చూసుకున్నాకే చింపుతాడు. ‘పెళ్లి, పది గంటలకు’ అని ముప్పై ఏళ్ల కిందట రాసుకున్న చీటీ ఇప్పటికీ ఆయన పర్సులో భద్రంగా ఉంది.

“అదింకా చింపలేదేం?” అని పిన్ని అడిగితే, “రెండోసారి చూడలేదుగా,” అంటాడు.

“ఎవరితో చూద్దామని?” అని పిన్ని గరిటె పట్టుకుంటే, ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

ఎడమ జేబులో ఇవాళ్టివి, కుడి జేబులో రేపటివి, వెనక జేబులో ఎప్పటివో. అతి ముఖ్యమైనవి టోపీలో. టోపీ ఎక్కడ పెట్టాడో రాసిన చీటీ ఎడమ జేబులో.

ఒక సోమవారం కంపెనీ యజమాని ఏదో లిఫ్టు మీటల పెట్టె మూత తీస్తే లోపల్నుంచి ఓ చీటీ ఆయన ముక్కు మీద రాలింది. ‘మూత వేయాలి’ అని ఉంది దాని మీద.

“సాయంత్రంలోగా ఈ చెత్తంతా ఒక్క కాగితం మీదకు రావాలి,” అన్నాడు యజమాని. “లేదంటే రేపట్నుంచి లిఫ్టుల జోలికి రాకండి. స్టోరు గదిలో కూర్చోండి.”

బాబాయ్ తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడు.

అదే కంపెనీలో పదేళ్లుగా మెకానిక్‌గా ఉన్న ఆయన అన్న కూతురు ఆ మాట వింది. బాబాయ్‌ని బల్ల దగ్గరికి లాక్కొచ్చింది.

“జేబులు దులుపు బాబాయ్.”

“టోపీ కూడానా?”

“టోపీ కూడా.”

చొక్కా విప్పమన్నంత ఇబ్బందిగా టోపీ తీశాడు. అన్నీ కలిపి నాలుగు వందల పన్నెండు తేలాయి.

“‘చీటీలు చూడాలి’. ఇదేంటి?”

“అది చూస్తేనేగా మిగతావి చూడాలని తెలిసేది.”

“‘భోజనం’. ఇది కూడా మర్చిపోతావా?”

“ఇంతవరకు మర్చిపోలేదంటే ఎందువల్లనుకున్నావు?”

అక్కర్లేనివి ఆమె చింపుతుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి నూట ఇరవై చిరిగాయి. బాబాయ్ ఉన్నట్టుండి లేచాడు. “ఒక రెండో చూపు మిగిలింది. వెళ్లొస్తా. టోపీలోవి ముట్టుకోకమ్మాయ్.”

గంట ఓపిక పట్టింది. తర్వాత ముట్టుకుంది. నల్లదారంతో కట్టిన లావుపాటి కట్ట. పై చీటీ మీద ఇలా ఉంది: ‘కంటి డాక్టరు భవనం. బ్రేకు బోల్టు. గీత లేదు.’

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. బోల్టు బిగించాక దాని మీదుగా పెయింటుతో గీత గీయడం వాళ్ల పద్ధతి. గీత లేదంటే బిగించలేదనే. పోయిన మంగళవారం ఆ బ్రేకు విప్పింది తనే. బిగించబోతుంటే ఫోను మోగడం గుర్తుంది. గీత మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు.

చీటీ చిరగలేదు. పని కూడా ఇంకా కాలేదేమో. బాబాయ్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. రెండు వీధుల అవతలున్న ఆ భవనానికి పరుగెత్తింది. కంటికి కట్లతో పేషంట్లు లిఫ్టు ముందు గుంపుగా నిలబడి ఉన్నారు.

“లిఫ్టు ఉన్నట్టుండి ఆగిపోయిందమ్మా,” అన్నాడు వాచ్‌మన్.

“లోపల ఎవరన్నా ఉన్నారా?”

“ఏమో మరి.”

ఆరంతస్తులూ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. మోటారు గది తలుపు తోసేసరికి బోల్టు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు బాబాయ్, చేతిలో పానాతో.

“మెల్లగా. ఇక్కడ నూనె పడి ఉంది,” అన్నాడు.

“లిఫ్టు...”

“నేనే ఆపాను. అందర్నీ దింపేశాకే.”

ఆమె వంగి చూసింది. బోల్టు మీద గీత ఉంది. కానీ ఆమె ఎప్పుడూ తెల్ల పెయింటు వాడుతుంది. ఇది ఆకుపచ్చది, బాబాయ్ వాడే రంగు.

“ఎప్పుడు బిగించావు?”

“ఆ మంగళవారం సాయంత్రమే. ఇవాళ రెండో చూపు.”

“చీటీ లేకుండా ఎలా గుర్తుంది?”

“భయం ఉన్నవి గుర్తుంటాయి.”

ఆమె పక్కనే కూర్చుంది. “అయితే ఆ నల్లదారం కట్టంతా?”

“మీ అందరి పనులూ. నీవి తక్కువేలే. యజమానిగారు సరదాపడి పానా పట్టుకున్నప్పుడల్లా నాకు నాలుగు చీటీలు.”

“ఎవరికీ చెప్పలేదేం?”

“చెబితే మీ చేతులు వణుకుతాయి. వణికే చేత్తో బోల్టు బిగించకూడదు.”

సాయంత్రానికి కాగితం ఒక్కటే తయారైంది. అందులో రెండే గడులు: చేసినవాళ్లు, చూసినవాళ్లు. ఇకమీదట ఒకరి పని ఇంకొకరు బాహాటంగా చూస్తారు. ఆ ఒక్క మార్పుతో నల్లదారం కట్ట మొత్తం ఎగిరిపోయింది. యజమాని కాగితం తిప్పి తిప్పి చూశాడు.

“ఈ రెండో గడి నా పనులక్కూడానా?”

“ముందుగా మీ పనులకేనండి,” అంది ఆమె. ఆయన దగ్గి, సంతకం పెట్టాడు. బాబాయ్ లిఫ్టుల్లోనే ఉండిపోయాడు, తొమ్మిది చీటీలతో.

మర్నాడు ఆమె పనిముట్ల సంచి తెరిస్తే పదోది కనబడింది. ‘అమ్మాయికి భయం తగ్గిందా, చూడాలి.’

తగ్గలేదు. అయినా ఆమె తెల్ల పెయింటుతో దాని మీద ఓ గీత గీసి, ఆయన టోపీలో పడేసింది.

బాబాయ్ తీసి చూశాడు. నవ్వాడు. చింపబోయి ఆగాడు.

“ఇది మొదటి చూపేగా,” అని మళ్లీ టోపీలో పెట్టుకున్నాడు.