గామ్‌చున్‌కు తప్ప అందరికీ తెలిసిన గడ్డ

షుందే ఊరి చేపల బజారులో ఎవరినడిగినా యుక్‌మూయ్ నోటి గురించి చెబుతారు. "ఇది పొద్దున్నే చచ్చింది, నీకొద్దు, పో" అని తన చేపను తానే తిట్టి, కొనేవాడిని తరిమే మనిషి. అలాంటి మనిషి చేత మొగుడి తరఫు బంధువులంతా కలిసి నెలల తరబడి అబద్ధమాడించారు.

మొగుడు గామ్‌చున్ కాలేయంలో పంపరపనసకాయంత కేన్సరు గడ్డ. పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన పెళ్ళాన్నీ, అక్కనీ పక్కకు పిలిచింది. "ఇప్పుడే కోసేస్తే మిగిలే కాలేయం ఆయనకు చాలదు. ముందు తొడ దగ్గర నుంచి రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గడ్డకే మందు పోస్తాం. కుంచించుకుపోతే అప్పుడు కోత" అంది.

యుక్‌మూయ్ విన్నది. ఆడబిడ్డ లాయ్‌హో వినలేదు, తీర్మానించింది. "తమ్ముడికి తెలిస్తే భయంతోనే పోతాడు. వేడిచేసి లోపల వాచిందని చెబుదాం."

అక్కడ అదే ఆచారం. రోగం ఎవరిదో వాళ్ళకు తప్ప ఊరందరికీ తెలియాలి.

ఇక చూడాలి ఆ ప్రేమలు! వార్డు గుమ్మం మీద రోగం పేరు మూరెడు అక్షరాలతో రాసి ఉంటే, మేనల్లుడు ఆసుపత్రి లోపల గొడుగు విప్పి దానికి అడ్డంగా పట్టాడు. లాయ్‌హో బలానికని తాబేలు పులుసు పట్టుకొచ్చి, "ఏం లేదురా తమ్ముడూ, ఒట్టి వేడి" అంటూ కొంగు లేక చేతిసంచీతో కళ్ళు తుడుచుకుంది.

"వేడికి ఏడుపెందుకే అక్కా?"

"పులుసులో అల్లం ఎక్కువైందిరా."

రెండు విడతల మందు పడింది. వాంతులయ్యాయి, జ్వరమొచ్చింది, పోయింది. గడ్డ కూడా కుంచించుకుంది. "ఇలాగే సాగితే కోయొచ్చు. మధ్యలో మానేశారా, మళ్ళీ పెరుగుతుంది" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

మూడో విడత వచ్చి వచ్చి డ్రాగన్ పడవల పందెం వారంలోనే పడింది. ఊరి పడవలో తెడ్లకు తాళమేసే డప్పు గామ్‌చున్‌ది.

"వేడి తగ్గిపోయిందిగా. వాపుకి మళ్ళీ గొట్టమెందుకు? నేను రాను" అన్నాడు.

ఆయన తప్పేముంది? ఒట్టి వేడికి తొడలో గొట్టం దూర్పించుకునే పిచ్చివాడెవడు?

యుక్‌మూయ్ ఆడబిడ్డ దగ్గరికి పరుగెత్తింది. "వదినా, ఆయన రానంటున్నాడు. ఇప్పుడైనా చెప్పేద్దాం."

"నా తమ్ముణ్ణి చంపుతావా?"

"మన అబద్ధమే చంపేట్టుంది."

"పందెం అవ్వనీవే. ఈలోగా ఇంకో తాబేలు తెప్పిస్తాను."

యుక్‌మూయ్ నేరుగా కాలువ గట్టుకు నడిచింది. పడవ గట్టున కట్టి ఉంది. అందులో కూర్చుని కుర్రకారు తెడ్లు ఆడిస్తున్నారు, గామ్‌చున్ డప్పు వాయిస్తున్నాడు.

"ముసలాయనా! నీకున్నది వేడి కాదు, కేన్సరు. కోయాలంటే అది చిన్నదవ్వాలి. చిన్నదవ్వాలంటే రేపు మందు పడాలి. ఇక నీ ఇష్టం."

డప్పు ఆగింది. గామ్‌చున్ ముందు పెళ్ళాన్ని చూశాడు, తర్వాత పడవలో వాళ్ళను చూశాడు. ఒక్కడి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

"మీకందరికీ తెలుసట్రా?"

అందరూ నీళ్ళకేసి చూశారు. ఒకడు మాత్రం గొణిగాడు. "లాయ్‌హో అత్త ఎవరికీ చెప్పొద్దంది మావా."

"ఊరంతా తిరిగి చెప్పి, చెప్పొద్దందా!" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే పోయింది. డప్పు పుల్లలు పక్కవాడి చేతిలో పెట్టి గట్టెక్కబోయాడు. యుక్‌మూయ్ ఆయన జబ్బ పట్టి పైకి లాగింది.

"ఎంతుండేదే?"

ఆమె రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించింది.

"ఇప్పుడో?"

చేతులు దగ్గరికి తెచ్చింది. ఆయన ఆ చేతుల మధ్య ఖాళీని చాలాసేపు చూశాడు.

"భయమేస్తోందే."

"వెయ్యనీ. భయపడుతూనే బస్సెక్కు."

మర్నాడు ఎక్కాడు.